పురిటిగదిలో మిరప నారు

వ్యవసాయ శాఖలో కొత్తగా ఉద్యోగం వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, రైతులు మన మాట వినాలంటే ఏం చెయ్యాలండీ అని అడుగుతారు. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగం నాది. రైతులు నా మాట వినకపోవడం వల్ల జరిగిన నష్టం నాకు పెద్దగా గుర్తు లేదు. విన్నందువల్ల జరిగిన నష్టం ఒకటి మాత్రం బాగా గుర్తుంది. అది మొదలుపెడితే వాళ్ళు గ్లాసు కింద పెట్టి బస్సు టైమైందంటారు. అందుకని రాసిపెడుతున్నాను, తీరిక ఉన్నవాళ్ళు చదువుకుంటారని.

సైకిలూ సంచీ సలహా

బాపట్లలో వ్యవసాయం చదివి, మంచి మార్కులతో గట్టెక్కి, అరవయ్యో దశకంలో రేపల్లె సమితి ఆఫీసులో విస్తరణాధికారిగా చేరాను. జనం నోట్లో అది 'అగ్రికల్చరు సారు' అయింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు గానీ జ్ఞానం మాత్రం పొంగి పొర్లుతుండేది.

ఉద్యోగమంటే సైకిలెక్కి ఊళ్ళు తిరగడం. చైను ఊడితే వేసుకోవడం, మళ్ళీ తిరగడం. రైతు అరుగు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, వాళ్ళకు తెలిసిన సంగతులే వాళ్ళకు పుస్తక భాషలో చెప్పడం. వాళ్ళు మర్యాదస్తులు కాబట్టి అన్నిటికీ "అలాగేనండి" అనేవారు. ఆ 'అలాగేనండి' నన్ను త్వరగా సాగనంపడానికని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నా మాటను నిజంగా నమ్మిన మొదటి మనిషి సువార్తమ్మ. పాపం ఆవిడ.

సొరబుర్ర

అడవులదీవి దారిలో, ఇసుక నేలల్లో సువార్తమ్మ మిరప నారు పోసి అమ్మేది. నలభై అయిదేళ్ళుంటాయి, భర్త లేడు. తనదంటూ ఉన్నది పాతిక సెంట్ల ఇసుక, అందులో ఒక దొరువు. దొరువంటే ఇసుకలో తవ్విన నీటిగుంట. దానిలోకి దిగి రెండు కడవలు ముంచుకుని, పైకెక్కి, నారు మీద నీళ్ళు చిలకరిస్తూ నడవాలి. రోజుకు ఎన్నిసార్లు దిగి ఎక్కేదో నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను.

ఆవిడ నారుకు పేరుండేది. రైతులు కట్ట విప్పి చూడకుండానే పట్టుకుపోయేవారు. ఆ గింజ వాళ్ళమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదట. కాయ పొట్టిగా, తోలు మందంగా ఉండి, పచ్చడి పెడితే ఏడాది గడిచినా రంగు తగ్గేది కాదు.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. సువార్తమ్మ మొదటిసారి పోసిన నారు కుళ్ళిపోయింది. రెండోసారి పోసింది నీళ్ళకు కొట్టుకుపోయింది. నేను వెళ్ళేసరికి ఆవిడ పొయ్యి మీద ఉట్టికి వేలాడుతున్న సొరబుర్ర దింపి, అందులోని బూడిదా గింజలూ అరచేతిలో పోసుకుని చూసుకుంటోంది. గుప్పెడు కూడా లేవు.

"ఇయ్యేనండి మిగిలింది. ఇయ్యి కూడా మళ్ళో పోసి వాన పాలు చేస్తే మా అమ్మ గింజ ఇంక లేనట్టేనండి" అంది.

ఇంట్లో పెట్టెల్లో పెంచుదామని నేనన్నాను. పైన కప్పుంటుంది, వాన పడదు, వాన తగ్గాక తీసుకెళ్ళి నాటుకోవడమేనని వివరించాను. ఆవిడ తాటాకు పాకలో వాన లోపలా బయటా ఒకటే గనక, నా అద్దె గదిలో నేనే పెంచి ఇస్తానన్నాను.

"మీరెప్పుడన్నా పెంచారా అండీ?" అని అడిగింది.

చదివానని చెప్పాను. ఆవిడ బయట వాన వంక చూసి, గింజలన్నీ గుడ్డలో మూటకట్టి నా చేతిలో పెట్టింది. నేను ఆ మూటను చొక్కా జేబులో వేసుకుని, ప్రపంచాన్ని ఉద్ధరించడానికి సైకిలెక్కాను.

మంగలంలో మట్టి

రేపల్లెలో నేను అద్దెకున్న ఇల్లు కామేశ్వరమ్మగారిది. అరవై దాటిన పెద్దావిడ. మడీ తడీ గట్టిగా పాటించేది. నేను పిన్నిగారూ అనేవాణ్ణి. ఆవిడ నన్ను అబ్బాయ్ అనేది, కోపమొస్తే సారుగారూ అనేది.

నారు పెట్టెలకు శుభ్రమైన మట్టి కావాలి. మట్టిని వేయిస్తే తెగుళ్ళు చస్తాయని పుస్తకంలో ఉంది. ఆవిడ గుడికి వెళ్ళిన సమయం చూసి, పేలాలు వేయించుకునే మంగలంలో ఇసుకా మట్టీ చివికిన ఎరువూ పోసి పొయ్యి మీద పెట్టాను. ఆ వాసన వీధి చివరికి వెళ్ళి ఆవిణ్ణి వెనక్కి తీసుకొచ్చింది.

"మట్టి వేయిస్తున్నావేంటి సారుగారూ? తాలింపు కూడా వేస్తావా?" అంది.

ఆ మంగలం మళ్ళీ వంటింట్లోకి రాలేదు. అయినా సంగతంతా విన్నాక ఆవిడ మనసు కరిగింది. ఒక ఆడమనిషి ఏడాది బతుకు ఆ మూటలో ఉందంటే, ఆవిడే టీ పెట్టెలు రెండు అటక మీంచి దింపించింది. ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ముసురుకి ఇల్లంతా చల్లగా ఉంది. మిరప గింజ మొలకెత్తడానికి వెచ్చదనం కావాలి. ఇంట్లో వెచ్చగా ఉండేది వంటింటి గోడను ఆనుకున్న వెనక గది ఒక్కటే. కిటికీ లేదు. ఒకటే తలుపు. అది ఆ ఇంటి పురిటిగది. కామేశ్వరమ్మగారి ఆరుగురు పిల్లలూ అక్కడే పుట్టారు.

నానబెట్టిన గింజలను తడిగుడ్డలో చుట్టి అక్కడ పెట్టాను. అయిదో రోజుకు తెల్లటి ముక్కులు బయటికొచ్చాయి. వాటిని పెట్టెల్లో వరసగా పేర్చి, పైన పల్చగా మట్టి కప్పాను. పిన్నిగారు పక్కన నిలబడి చూసి సంతోషించింది. నాకైతే జీవితంలో అంత గర్వం మళ్ళీ కలగలేదు.

ఆ మర్నాడే పది రోజుల శిక్షణకు తెనాలి రమ్మని ఉత్తర్వు వచ్చింది. శిక్షణ విషయం: రైతులకు అర్థమయ్యేలా చెప్పడం ఎలా.

నారు బాధ్యత పిన్నిగారికి అప్పజెప్పి, మర్చిపోకుండా కాయితం మీద నాలుగు మాటలు రాసిచ్చాను. ఒకటి, గది వెచ్చగా ఉంచవలెను. రెండు, గాలి తగలనీయరాదు. మూడు, తడి ఆరనీయరాదు. నాలుగు, ఎవరినీ ముట్టుకోనీయరాదు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివి, ఇవి నాకు చెప్పాలా అబ్బాయ్ అంది. ఆ మాటకు నేను ధైర్యంగా రైలెక్కాను.

పదో రోజు

తిరిగొచ్చేసరికి పురిటిగది గడపకు అడ్డంగా పాత చెప్పూ చీపురూ పెట్టి ఉన్నాయి. గుమ్మానికి వేపరెమ్మ. లోపల్నుంచి సాంబ్రాణి పొగ. కాళ్ళు కడుక్కుంటే గానీ పిన్నిగారు నన్ను లోపలికి రానివ్వలేదు. తలుపు మూసి, లాంతరు పట్టుకుని పెట్టె మీద కప్పిన గుడ్డ తీసింది.

ప్రతి మొక్కా బెత్తెడు పొడవుంది. దారంలా సన్నగా, పాలిపోయి, ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయి ఉన్నాయి. ఒక మూల కుళ్ళు మొదలై అక్కడి మొక్కలు గుండ్రంగా పడిపోయాయి.

"చూశావా ఎలా సాగారో? ఒక్క పరాయి కన్ను పడనివ్వలేదు. రేపు పదకొండో రోజు, బయటికి తెద్దాం" అంది.

మిరపకు మొలకెత్తేదాకా వెచ్చదనం చాలు, వెలుతురుతో పనిలేదు. కానీ మొలక నేల మీదికి వచ్చిన రోజు నుంచీ వెలుతురే దానికి తిండి. అది దొరక్కపోతే వెతుక్కుంటూ సాగి సాగి నీరసించిపోతుంది. ఈ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చింది. రెండు పేజీలు రాశాను. పిన్నిగారికిచ్చిన కాయితం మీద మాత్రం ఒక్క ముక్క రాయలేదు. వెచ్చదనం, గాలి రాకపోవడం, ఎవరూ ముట్టుకోకపోవడం అంటే ఆవిడకు తెలిసింది పురుడు. బాలింతనూ బిడ్డనూ చూసుకున్నంత నిష్ఠగా చూసుకుంది.

అప్పుడే ఆవిడకు నిజం చెప్పి పెట్టెలు వసారాలోకి మార్చి ఉండాల్సింది. ఆ సంతోషం చూసి నోరు రాలేదు. తెల్లవారి చెప్దామనుకున్నాను.

తెల్లవారేసరికి మా పై అధికారి రామానుజంగారు బాపట్ల నుంచి జీపులో దిగారు. ఆయన మంచి మనిషే. మొక్కల జోలికి ఎప్పుడూ పోలేదు, అంతే. ఆ మర్నాడు తెనాలిలో జరిగే వ్యవసాయ ప్రదర్శనలో పెట్టడానికి రేపల్లె నుంచి ఏదో ఒకటి ఉండాలని వచ్చారు. పెట్టెలు చూశారు. జేబులోంచి స్కేలు తీసి కొలిచారు. పది రోజులకే ఇంత ఎత్తు తాను ఎక్కడా చూడలేదన్నారు. అది నిజమే, ఎవరూ చూసి ఉండరు. ప్రదర్శన అయ్యేదాకా వాటిని ఉన్నచోటు నుంచి కదపొద్దని కూడా ఆజ్ఞాపించారు.

కుర్రవాళ్ళకు ఇక్కడ ఒక మాట. పై అధికారి తప్పుగా మెచ్చుకున్నప్పుడు నోరు తెరవడం, తిట్టినప్పుడు తెరవడం కంటే కష్టం. నేను తెరవలేదు. ఒక పెట్టె గదిలోనే ఉండిపోయింది. రెండోదాన్ని ఒళ్ళో పెట్టుకుని, పెంచింది నేనేగా అంటూ కామేశ్వరమ్మగారు మర్నాడు జీపు ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక ఎరువుల బస్తాల మధ్య కూర్చున్నాను.

తెనాలిలో ఫ్యాను

బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టె పెట్టాం. రామానుజంగారు ముందు నిలబడి, ఇంటిలోపల నారు పెంచే పద్ధతి గురించి మాట్లాడారు. రైతులు బాగానే చేరారు. తన నారు తెనాలిలో పెట్టారని ఎవరో చెబితే విని, సువార్తమ్మ కూడా రైల్లో వచ్చి జనం వెనక నిలబడింది. నేను చూశాను. చూడనట్టు నటించాను.

పెద్దలకు ఉక్కపోస్తోందని ఎవరో బల్ల ఫ్యాను వేశారు. మొక్కలు, ఒక్కటి కూడా మినహాయింపు లేకుండా, అన్నీ ఒకేవైపు పడుకున్నాయి. నందివెలుగు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముందుకొచ్చి, వంగి పరీక్షగా చూశాడు.

"నారు పోశారా అండీ, సేమ్యా ఆరబోశారా?" అని అడిగాడు.

జనం నవ్విన నవ్వుకు పక్క బల్ల దగ్గరున్న కోళ్ళు బెదిరాయి. రామానుజంగారు నా వైపు తిరిగి ఇదేంటయ్యా అన్నారు. అప్పుడు నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే ముఖం దాచుకోవాలనిపిస్తుంది. నేను ఊళ్ళో లేనని, ఇల్లుగలావిడ పాతకాలపు మనిషని, దిష్టి తగులుతుందని చీకటి గదిలో పెట్టి మూఢనమ్మకంతో పాడుచేసిందని, అందరూ వినేలా చెప్పాను.

కామేశ్వరమ్మగారు నా పక్కనే ఉంది. కొంగు ముడి విప్పి కాయితం తీసింది. కళ్ళజోడు పెట్టుకుని, నేను రాసిన నాలుగు మాటలూ నంబర్లతో సహా పైకి చదివింది.

"నాలుగూ చేశానండి. ఇందులో వెలుతురు అన్న మాటుంటే చూపించమనండి" అంది, రామానుజంగారితో.

నవ్వులు ఆగిపోయాయి. రామానుజంగారు కాయితం అటూ ఇటూ తిప్పి చూసి ఆవిడకే ఇచ్చేశారు. సువార్తమ్మ జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. ముందు ఫ్యాను ఆపింది. తర్వాత పెట్టె ఎత్తి చంకన పెట్టుకుని, ఎవరినీ అడక్కుండా బయటికి నడిచింది. ఆవిడ వెనక కామేశ్వరమ్మగారు నడిచింది. నేను కాస్త దూరంగా నడిచాను.

రేపల్లె పాసింజరు

జీపు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది. రేపల్లె వెళ్ళే పాసింజరులో ఎదురెదురు బల్లల మీద వాళ్ళిద్దరూ కూర్చున్నారు. పెట్టెను కిటికీ పక్కన వెలుతురు పడేలా పెట్టారు. సువార్తమ్మ తన చీర చెంగుతో గాలికి అడ్డుపట్టింది. వాళ్ళిద్దరూ అంతకుముందు ఒకరినొకరు చూసింది లేదు.

చాలాసేపటికి కామేశ్వరమ్మగారు, ఆరుగుర్ని పెంచిన దాన్ని, బిడ్డకు ఎండపొడ చూపించాలని నాకు తెలియదా అని మొదలుపెట్టింది. "పదకొండో రోజు దాకా ఆగాలని ఆగాను. మొక్కకు ఆ లెక్క ఉండదని ఎవరు చెప్పాలి?"

"చదువుకున్నోళ్ళు చెప్పాలండి" అంది సువార్తమ్మ.

ఇద్దరూ నా వైపు చూశారు. రేపల్లె ఇంకా చాలా దూరం ఉంది.

ఇంటికి చేరాక సువార్తమ్మ పెరటి వాకిలి దగ్గర ఆగిపోయింది. అప్పటి ఆచారం ప్రకారం ఆవిడ అక్కడి నుంచి లోపలికి రాకూడదు. రెండో పెట్టె పురిటిగదిలో ఉంది. కామేశ్వరమ్మగారు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది.

"ఆగావేం? నీ గింజలు లోపల ఉన్నాయి, రా" అంది.

గడప మీది చెప్పూ చీపురూ తనే తీసి పక్కన పెట్టింది. సువార్తమ్మ లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చుకుంది. నేను ఏదో అనబోయి మానుకున్నాను. ఆ రోజు మొత్తంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

తర్వాత వాళ్ళు చేసిందంతా నేను వసారాలో కూర్చుని చూశాను. కుళ్ళిన మూలను మట్టితో సహా తీసి పారేశారు. బతికినవాటి చుట్టూ సన్నటి పొడి ఇసుకను, రెండాకుల కింద దాకా, కాండానికి ఆసరాగా మెల్లగా పోశారు. పెట్టెలు తూర్పు వసారాలో పెట్టి ముందు తాటాకు చాప కట్టారు. మొదటి రోజు పొద్దుటి ఎండ కాసేపు, మర్నాడు ఇంకాసేపు, అలా పెంచుకుంటూ పోయారు. సువార్తమ్మ వారానికి రెండుసార్లు వచ్చి చూసేది. కామేశ్వరమ్మగారు పిల్లలకు పాలు పట్టిన ఉగ్గుగిన్నె తీసి దానితో నీళ్ళు పోసేది. పైన మట్టి తెల్లబడితేనే పొయ్యాలి, అదీ పొద్దున్నే. రోజూ ఒకసారి అరచేత్తో మొక్కల తలలు నిమరాలి. అలా కదిలిస్తే కాండం గట్టిపడుతుందని సువార్తమ్మ అంటే, ఇది ఏ పుస్తకంలోనూ లేదే అని నేను మనసులో అనుకున్నాను. పైకి అనలేదు.

ఒక రోజు ధైర్యం చేసి పిన్నిగారి దగ్గరికెళ్ళి, తప్పు నాదేనండి అన్నాను.

ఆవిడ ఉగ్గుగిన్నె కింద పెట్టకుండానే, "ఆ మాట తెనాల్లో అనాల్సింది అబ్బాయ్" అంది.



ముప్పై ఏడు

రెండు పెట్టెల్లో కలిపి ముప్పై ఏడు మొక్కలు బతికాయి. నాటే ముందు నాలుగు రోజులు నీళ్ళు తగ్గించి, పూర్తి ఎండకు అలవాటు చేశాక, సువార్తమ్మ వాటిని తన ఇసుకలో నాటుకుంది. ఆ ఏడు నారు అమ్మకం లేదు. కాసిన కాయ ఒక్కటి కూడా అమ్మలేదు, వండుకోలేదు. అన్నీ విత్తనానికే పండనిచ్చింది. తిండికి వరి కోతలకు కూలికి వెళ్ళింది. నేను సైకిలు మీద పోతుంటే ఆ చేలల్లో కనిపించేది. నాకు తల వంచుకుని తొక్కెయ్యాలనిపించేది. ఆవిడే నడుం ఎత్తి, "మొక్కలు బాగున్నాయండి బాబుగారూ" అని కేకేసేది. దెప్పడానికి కాదు, నిజంగా నాకు తెలియాలనే. అది ఇంకా కష్టంగా ఉండేది.

రామానుజంగారు తెనాలి సంగతి రిపోర్టులో రాయలేదు. ఎత్తు మాత్రం రాశారు.

ఇంట్లో మిరప నారు పెంచడం గురించి నాకు తెలిసిందంతా పైన వచ్చేసింది. మొలకెత్తేదాకా వెచ్చదనం, మొలిచిన రోజు నుంచి వెలుతురు, నీళ్ళలో పిసినారితనం, నాటేముందు కొంచెం కష్టం. దీనికి నాలుగేళ్ళ చదువు అక్కర్లేదు. కానీ నీకు బాగా తెలిసిన సంగతే ఎదుటివాళ్ళకు చెప్పడం మర్చిపోతావు. అది ఎప్పుడో నేర్చుకున్నది కాబట్టి పుట్టుకతో వచ్చిందనుకుంటావు. మన శాఖలో జరిగిన పొరపాట్లలో చాలావాటికి మూలం అదేనని నా అభిప్రాయం. తర్వాత తప్పును మూఢనమ్మకం మీదికి నెట్టడం మనకు చాలా సులువు. నాలుగు మాటల్లో మొక్కను చంపింది నేను. పిన్నిగారి దిష్టి భయం ఆ పని చెయ్యలేదు.

రెండేళ్ళ తర్వాత నాకు బాపట్ల బదిలీ అయింది. బయల్దేరే రోజు పొద్దున సువార్తమ్మ వచ్చింది. వాకిట్లో ఆగలేదు, తిన్నగా వసారాలోకి వచ్చి పిన్నిగారి పక్కన కూర్చుంది. మళ్ళీ నారు అమ్ముతోంది, సొరబుర్ర నిండింది. నా చేతిలో చిన్న పొట్లం పెట్టింది. లోపల గింజలు.

నేను తీసుకోలేనని, నాకు ఆ అర్హత లేదని ఏదో అన్నాను.

"ఒక్క చోటే ఉంటే ఎప్పటికైనా పోతాయండి. ఇంకో చోట కూడా ఉండాలి" అంది. "గింజలతో పాటు కాయితం కూడా ఇస్తన్నాం, చూసుకోండి."

పొట్లం కట్టిన కాయితం నాదే. నేను రాసిన నాలుగు మాటలూ ఉన్నాయి. వాటి కింద కామేశ్వరమ్మగారి గుండ్రటి అక్షరాల్లో అయిదోది ఉంది: మొలక కనబడిన రోజునే వెలుతురులో పెట్టవలెను.

తల ఎత్తి చూస్తే ఇద్దరూ నవ్వుతున్నారు. నేను మాత్రం ఏడ్చాను, సిగ్గులేకుండా, రిక్షావాడు చూస్తుండగానే.

బాపట్లలో దిగాక ఇల్లు చూపించడానికి వచ్చినాయన అద్దె గురించీ నూతి నీళ్ళ గురించీ చెబుతున్నాడు. అవన్నీ తర్వాత చూద్దాం, ముందు కిటికీ ఏ వైపు ఉందో చెప్పండి అన్నాను.